హక్కు రాజ్యాంగానిది, బిల్లు కౌంటీది: అమెరికా కౌంటీ జైళ్లలో వైద్యం

తెలుగులో జైలు అంటే జైలే. రాజమండ్రి సెంట్రల్ జైలు అయినా, చంచల్‌గూడ అయినా, ఏదో చిన్న ఊళ్లోని పాతకాలపు సబ్ జైలు అయినా మనం వాడే మాట ఒకటే. అమెరికాలో మాత్రం జైలు వేరు, ప్రిజన్ వేరు. శిక్ష ఖరారై ఏళ్ల తరబడి ఉండాల్సినవాళ్లు వెళ్లేది ప్రిజన్‌కు. దాన్ని రాష్ట్రమో, ఫెడరల్ ప్రభుత్వమో నడుపుతుంది. నిన్న రాత్రి పోలీసులు పట్టుకొచ్చినవాళ్లు, బెయిల్ డబ్బు కట్టలేక కూర్చున్నవాళ్లు, చిన్న నేరాలకు కొన్ని నెలల శిక్ష పడ్డవాళ్లు ఉండేది జైల్లో. ఎక్కువ రాష్ట్రాల్లో దాన్ని నడిపేది కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే అనుకోవచ్చు. కాకపోతే మన కలెక్టరేట్‌కు లేనివి రెండు దానికి ఉన్నాయి. ఒకటి, స్థానిక ఆస్తి పన్నులతో నిండే సొంత ఖజానా. రెండు, ఓట్లతో గెలిచి వచ్చే షెరీఫ్, అంటే కౌంటీ పోలీసులనూ జైలునూ నడిపే అధికారి. జైల్లో మనిషికి జబ్బు చేస్తే ఏమవుతుందన్నది చాలావరకు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఏ రోజు లెక్కపెట్టినా అమెరికా స్థానిక జైళ్లలో సుమారు 6.6 లక్షల మంది ఉంటారు. ఏడాది మొత్తంలో జైలు గడప దాటి లోపలికి వచ్చే సందర్భాలు మాత్రం 70 లక్షలు దాటతాయి. కొందరు పూట ఉండి పోతారు, కొందరు ఏడాది ఉంటారు, సగటు తీస్తే నెల రోజులు. పదిమందిలో ఏడుగురికి ఇంకా నేరం రుజువు కాలేదు. అంటే కౌంటీ జైలు రద్దీ మన బస్టాండు రద్దీలాంటిది. జనం వస్తూనే ఉంటారు, పోతూనే ఉంటారు. వచ్చేవాళ్లలో ఇన్సులిన్ మీద బతికేవాళ్లు, నిన్నటిదాకా రోజూ తాగి ఇవాళ చుక్క దొరకనివాళ్లు, మానసిక వ్యాధి మందులు వారం కిందటే ఆపేసినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు అందరూ ఉంటారు. ఎవరికి ఏముందో లోపలికి తీసుకుంటున్న డిప్యూటీకి, అంటే షెరీఫ్ కింద పనిచేసే ఉద్యోగికి తెలియదు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. అమెరికాలో బయట తిరిగే మనిషికి వైద్యం రాజ్యాంగపరమైన హక్కు కాదు. ఇన్సూరెన్స్ లేకపోతే అతని పాట్లు అతనివి. అదే మనిషి చేతులకు బేడీలు పడ్డాక వైద్యం హక్కవుతుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. తలుపుకు తాళం వేశాక అతను మందుల షాపుకు వెళ్లలేడు, డాక్టరుకు ఫోన్ చేయలేడు, పక్కింటివాళ్లను పిలవలేడు. గాయపడ్డ ఖైదీకి చేసిన వైద్యానికి ఫీజు ఎవరివ్వాలన్న తగాదాలో 1926లోనే ఉత్తర కరోలైనా సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది: స్వేచ్ఛ కోల్పోవడం వల్ల తన బాగు తాను చూసుకోలేని ఖైదీని ప్రజలే చూసుకోవడం న్యాయం. దేశమంతటికీ వర్తించే తీర్పు రావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఆ తీర్పు వెనక ఉన్నది ఒక పత్తి బేలు. 1973 నవంబర్ 9న టెక్సస్ ప్రిజన్‌లో లారీ నుంచి సరుకు దించుతుండగా జె. డబ్ల్యు. గాంబుల్ అనే ఖైదీ మీద బేలు పడింది. అతను ఇంకో నాలుగు గంటలు పనిచేశాక నడుం పట్టేసింది. ఆ తర్వాత మూడు నెలల్లో వైద్య సిబ్బంది అతన్ని 17 సార్లు చూశారు. నొప్పి మాత్రలిచ్చారు, కండరాలు సడలే మాత్రలిచ్చారు, కొన్నాళ్లు విశ్రాంతి రాశారు. ఇక పనికి పొమ్మంటే నొప్పి తగ్గలేదు, చేయలేనన్నాడు. అందుకు ఒంటరి గదిలో పెట్టారు. లాయరు లేకుండా తన చేత్తోనే ఫిర్యాదు రాసుకుని కోర్టుకెక్కాడు. 1976 నవంబర్ 30న సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ థర్గుడ్ మార్షల్ తీర్పు రాశారు. ఖైదీకి తీవ్రమైన వైద్య అవసరం ఉందని తెలిసీ పట్టించుకోకపోతే అది రాజ్యాంగం 8వ సవరణ నిషేధించిన క్రూరమైన శిక్ష కిందకే వస్తుందన్నారు. జైలు వైద్యం మీద అమెరికాలో ఇవాళ నడిచే ప్రతి కేసూ ఈ వాక్యం నుంచే మొదలవుతుంది.

కానీ గాంబుల్ ఓడిపోయాడు. 17 సార్లు చూశారు కదా, పట్టించుకోలేదని ఎలా అంటాం అంది కోర్టు. నడుముకు ఎక్స్‌రే తీయలేదన్నది అతని ప్రధాన ఫిర్యాదు. తీయాలా వద్దా అన్నది డాక్టరు విచక్షణకు సంబంధించిన విషయం, తప్పయితే మామూలు వైద్య నిర్లక్ష్యం కేసు వేసుకో, రాజ్యాంగం దాకా రానక్కర్లేదు అని తేల్చింది. అంటే హక్కు పుట్టిన రోజే దానికి హద్దు కూడా గీశారు. మంచి వైద్యం ఇవ్వాలని రాజ్యాంగం అనలేదు. తెలిసీ వదిలేయకూడదు అంది, అంతే.

1994లో మరో తీర్పు ఆ ‘తెలిసీ’ అన్న మాటను ఇంకా బిగించింది. ప్రమాదం ఉందని అధికారి మనసుకు నిజంగా తెలిసి ఉండాలి, తెలిసినా వదిలేసి ఉండాలి. తెలిసి ఉండాల్సింది కదా అంటే చాలదు. దీన్ని కాస్త తిరగేసి చూస్తే లోపం కనబడుతుంది. తెలిస్తేనే బాధ్యత అయినప్పుడు, తెలియకుండా ఉండడమే అధికారికి క్షేమం. అడగనివాడికి తెలియదు, తొంగి చూడనివాడికి కనబడదు. కోర్టులు ఈ సంగతి గమనించకపోలేదు. కళ్లకు కట్టినట్టున్న ప్రమాదాన్ని చూసి కళ్లు మూసుకుంటే అది కూడా తెలిసినట్టే లెక్కేయవచ్చని ఆ తీర్పులోనే అన్నారు. అయినా చనిపోయిన మనిషి కుటుంబం డిప్యూటీ మనసులో ఏముందో రుజువు చేయడం అంటే మాటలు కాదు.

కౌంటీ జైలుకు ఇంకో చిక్కు ఉంది. 8వ సవరణ శిక్ష గురించి మాట్లాడుతుంది. జైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అసలు శిక్షే పడలేదు. వాళ్లకు వర్తించేది 14వ సవరణ, అంటే చట్టప్రకారం కాకుండా ఎవరి ప్రాణానికీ స్వేచ్ఛకూ భంగం కలిగించరాదన్న నియమం. నేరం రుజువు కానివాళ్లను ఏ రకంగానూ శిక్షించకూడదని 1979లోనే సుప్రీంకోర్టు అంది. 2015లో, విచారణ ఖైదీ మీద జైలు సిబ్బంది బలప్రయోగం చేసిన కేసులో, అధికారి మనసులో ఏముందో చూడనక్కర్లేదు, బయటికి కనబడే పని సబబుగా ఉందా లేదా అన్నదే కొలత అని చెప్పింది. ఇదే కొలత వైద్యానికీ వర్తిస్తుందా? ఆ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇంకా జవాబివ్వలేదు. కింది అప్పీలు కోర్టులు రెండుగా చీలాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి, ఒహాయో ఉన్న సర్క్యూట్లలో, అంటే ఆ అప్పీలు కోర్టుల పరిధుల్లో, వర్తిస్తుందన్నారు. టెక్సస్, ఫ్లారిడా ఉన్న సర్క్యూట్లలో పాత కొలతే నడుస్తోంది. ఛాతీ నొప్పిని నర్సు గ్యాస్ అనుకుని పంపేసిందనుకుందాం. ఆ స్థానంలో ఉన్న ఏ నర్సయినా ప్రమాదం గుర్తించి ఉండేదా అని లాస్ ఏంజెలెస్‌లో అడుగుతారు. ఈ నర్సుకు తెలుసా అని హ్యూస్టన్‌లో అడుగుతారు. రాజ్యాంగం మాత్రం ఒక్కటే.

రాజ్యాంగం ఇంత పల్చగా ఉన్నచోట రోజువారీ బరువంతా మోసేది కింది స్థాయి నిబంధనలు. నేషనల్ కమిషన్ ఆన్ కరెక్షనల్ హెల్త్ కేర్ అనే సంస్థ జైళ్లకు ప్రమాణాలు రాస్తుంది. దాని మూలాలు 1970ల్లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జైళ్ల మీద చేసిన పరిశీలనలో ఉన్నాయి. లోపలికి రాగానే ఆరోగ్య ప్రశ్నలు అడగాలి, 14 రోజుల్లోగా పూర్తి పరీక్ష చేయాలి, ఖైదీ చీటీ రాసి పెట్టుకుంటే 24 గంటల్లో వైద్య సిబ్బంది ఎదురుగా కూర్చుని చూడాలి అంటుంది. ఇవి పాటించే జైళ్లకు ఆ సంస్థ గుర్తింపు ఇస్తుంది, అది తీసుకోవాలా వద్దా అన్నది జైలు ఇష్టం. తీసుకోని జైళ్లే ఎక్కువ. కొన్ని రాష్ట్రాలు సొంతంగా తప్పనిసరి నిబంధనలు పెట్టుకున్నాయి. టెక్సస్‌కు 1975 నుంచి జైలు ప్రమాణాల కమిషన్ ఉంది. కాలిఫోర్నియాలో స్థానిక నిర్బంధ కేంద్రాలకు కనీస ప్రమాణాలున్నాయి. కొన్ని రాష్ట్రాల్లో చెప్పుకోదగ్గ తనిఖీయే లేదు, అంతా షెరీఫ్ దయ.

ఈ నిబంధనలన్నిటిలో అతి ముఖ్యమైనది చూడడానికి అతి సాదాగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లను నమోదు చేసే బుకింగ్ కౌంటర్ దగ్గర నింపే ఒక ఫారం. వేలిముద్రలు, ఫోటో, జేబులోని వస్తువుల జాబితా, దాంతోపాటు ఇదీ. ఏ మందులు వాడుతున్నారు? చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు? ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు? ఎప్పుడైనా ప్రాణం తీసుకోవాలనిపించిందా? ఇప్పుడు అనిపిస్తోందా? చిన్న జైళ్లలో రాత్రిపూట నర్సు ఉండరు కాబట్టి ఈ ప్రశ్నలు అడిగేది యూనిఫాంలో ఉన్న డిప్యూటీయే. పక్కన ఇంకో నలుగురు వరుసలో నిలబడి వింటుంటారు. రెండు గంటల కిందట తనను కారు లోంచి లాగిన పోలీసుల మనిషే ఇప్పుడు నీ మనసెలా ఉందని అడుగుతుంటే ఎవరు నిజం చెబుతారు? అయినా ఈ ఫారం విలువ తక్కువ కాదు. తెలియదు అనే సాకును చట్టబద్ధంగా మూసేసే కాగితం ఇదొక్కటే. ‘అవును’ దగ్గర టిక్కు పడ్డాక కౌంటీకి తెలిసినట్టే.

తెలిశాక కూడా ఏమీ జరగకపోవచ్చు. 2015 జూలై 10న టెక్సస్ వాలర్ కౌంటీలో సాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ల యువతిని లేన్ మారుతూ ఇండికేటర్ వేయలేదని ఆపారు. మాటా మాటా పెరిగి అరెస్టయింది. బెయిల్ 5,000 డాలర్లు, బయటపడాలంటే కట్టాల్సింది 500 చిల్లర. మూడో రోజు ఉదయం గదిలో చనిపోయి కనబడింది. ఆత్మహత్య అని తేల్చారు. గతంలో ఆత్మహత్యాయత్నం చేసినట్టు బుకింగ్ కాగితాల్లో రాసే ఉంది. ఒక కాగితంలోని జవాబులకూ మరో కాగితంలోని జవాబులకూ పొంతన లేదు. ఆమెను ప్రత్యేక నిఘాలో పెట్టలేదు. గంటకోసారి ఎదురుగా వెళ్లి చూడాలన్న నియమం పాటించలేదని, సిబ్బందికి శిక్షణ చాలదని రాష్ట్ర జైలు ప్రమాణాల కమిషన్ ఆ జైలును తప్పుపట్టింది. కుటుంబంతో 19 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 2017లో టెక్సస్ ఆమె పేరుతో చట్టం చేసింది. మానసిక వైద్యులతో 24 గంటలూ వీడియోలోనైనా మాట్లాడే వీలు ఉండాలి, గదుల్ని సమయానికి చూశారా లేదా అన్నది సెన్సర్లో కెమెరాలో నమోదు చేయాలి, జైల్లో మరణం మీద బయటి సంస్థ దర్యాప్తు చేయాలి. మానసిక వ్యాధి ఉందని నమ్మదగ్గ సమాచారం అందితే షెరీఫ్ ఇప్పుడు 12 గంటల్లో మేజిస్ట్రేట్‌కు తెలపాలి. గస్తీ తిరిగానని రిజిస్టర్లో సంతకం పెట్టేసి కుర్చీలో కూర్చునే అలవాటు ఒక్క వాలర్ కౌంటీది కాదు కాబట్టే చట్టం యంత్రాన్ని నమ్ముకుంది.

చూడడం అంటే ఏమిటో కోర్టుకెక్కి తేల్చుకోవలసి వచ్చిన కేసు ఒకటుంది. 2013లో కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీ జైలుకు వచ్చిన ఒక యువకుడు, తాను రోజూ హెరాయిన్ వాడతానని, కొత్తగా వచ్చినవాళ్లను చూసే నర్సుకు దాచకుండా చెప్పాడు. మత్తుమందు ఆగినప్పుడు వచ్చే లక్షణాలను కొలిచే ఫారం ఒకటి, మద్యం ఆగినప్పుడు వచ్చేవాటిని కొలిచే ఫారం మరొకటి. అతనికి వాడింది మద్యం ఫారం. రాత్రి డిప్యూటీ గస్తీ తిరిగాడు కానీ నడవలోంచి, దూరం నుంచి. అక్కడినుంచి చూస్తే ఊపిరి ఆడుతోందో లేదో తెలియదు. జైలుకు వచ్చి 30 గంటలైనా గడవక ముందే అతను ప్రాణం విడిచాడు. తల్లి వేసిన కేసు రెండుసార్లు అప్పీలు కోర్టుకు వెళ్లింది. 2018లో, విచారణ ఖైదీల వైద్యానికి మనసును కాకుండా పనిని చూసే కొలతే సరైనదని అక్కడ చెప్పించుకుంది. 2021లో, గస్తీ అంటే మనిషికి అత్యవసర వైద్యం కావాలో లేదో తెలిసేంత దగ్గరగా చూడడమేనని చెప్పించుకుంది. కిటికీలోంచి దుప్పటి కనబడితే చాలదన్నమాట. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

మత్తుకు అలవాటుపడ్డ ఒళ్లు దాన్ని హఠాత్తుగా కోల్పోయినప్పుడు ఏమవుతుందన్నది జైళ్లు చాలాకాలం శిక్షలో భాగంలానే చూశాయి. పడుకుంటే దిగిపోతుందిలే అన్న ధోరణి. నిజానికి విపరీతంగా తాగే అలవాటున్న మనిషికి చుక్క దొరకని రెండో మూడో రోజున ఫిట్స్, జ్వరం, లేనివి కనబడడం మొదలవుతాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. హెరాయిన్ ఆగితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇగిరిపోతుంది. ఈ లక్షణాలను జైళ్లలో ఎలా సంభాళించాలో చెప్పే జాతీయ మార్గదర్శకాలు వచ్చింది 2023లోనే. హెరాయిన్ లాంటి వాటి అలవాటు మాన్పించడానికి బయట డాక్టరు రాసిన మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులను జైలు గేటు దగ్గర ఆపేయడం మీద కోర్టులు కాస్త ముందే కదిలాయి. 2018లో మసాచుసెట్స్‌లోని ఎసెక్స్ కౌంటీ, 2019లో మెయిన్ రాష్ట్రంలోని అరూస్టుక్ కౌంటీ ఆ మందులు ఇవ్వాల్సిందేనని ఆదేశాలు వచ్చాయి. అక్కడ పనికొచ్చింది 8వ సవరణ ఒక్కటే కాదు, వికలాంగుల హక్కుల చట్టం కూడా. కొన్నాళ్లు మత్తుమందు ఆగిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్ర ప్రిజన్ల నుంచి విడుదలైన 30 వేల పైచిలుకు మంది మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణం ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు.

ఇక డబ్బు సంగతి. అసలు ముడి ఇక్కడే ఉంది.

అమెరికాలో పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. అచ్చం అదే కాకపోయినా మన ఆరోగ్యశ్రీని గుర్తు తెచ్చుకుంటే చాలు. దానికి ఖర్చు ఫెడరల్ ప్రభుత్వమూ రాష్ట్రమూ కలిసి పెడతాయి. 1965లో ఆ పథకం పుట్టినప్పుడే ఒక షరతు రాశారు: ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవాళ్ల వైద్యానికి ఫెడరల్ డబ్బు ఇవ్వం. శిక్ష పడిందా, ఇంకా విచారణలోనే ఉందా అన్న తేడా కూడా లేదు. కోర్టు దృష్టిలో నిర్దోషి, మెడికెయిడ్ దృష్టిలో ఖైదీ. బుకింగ్ కౌంటర్ దాటిన నిమిషం నుంచి బీపీ మాత్ర దగ్గర్నుంచి డయాలసిస్ దాకా అంతా కౌంటీ ఖజానా మీదే పడుతుంది. చాలాకాలం ఉన్నది ఒకే ఒక్క మినహాయింపు. ఖైదీని బయటి ఆసుపత్రిలో 24 గంటలకు మించి ఇన్‌పేషెంటుగా చేర్చుకుంటే ఆ బిల్లుకు మెడికెయిడ్ వర్తిస్తుంది. పోలీసులు కాల్చిన నిందితుడి ఆసుపత్రి బిల్లు మీద నడిచిన ఒక కేసులో 1983లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వైద్యం అందేలా చూడడం రాజ్యాంగ బాధ్యత, బిల్లు ఎవరు కట్టాలన్నది రాష్ట్ర చట్టం తేల్చుకోవాల్సిన సంగతి.

పది వేల జనాభా ఉన్న పల్లె కౌంటీని ఊహించుకోండి. జైల్లో నలభై మంచాలు, పగటిపూట ఒక నర్సు, వారానికోసారి డాక్టరు. ఒక్క ఖైదీకి గుండె ఆపరేషన్ పడితే రోడ్ల మరమ్మతుకు పెట్టుకున్న డబ్బు పోతుంది. అలాంటప్పుడు షెరీఫులు చేసే ఒక పని జైలు వైద్యం గురించి రాసేవాళ్లందరికీ తెలిసినదే. జబ్బు ముదిరిన ఖైదీని ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే జడ్జితో మాట్లాడి సొంత పూచీ మీద విడుదల చేయించేస్తారు. కాగితం మీద అతను ఇప్పుడు స్వేచ్ఛాజీవి, కాబట్టి బిల్లు కౌంటీది కాదు. ఒళ్లు తెలియకుండా స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి ఇంత త్వరగా బెయిల్ దొరకడం చూస్తే, మామూలు రోజుల్లో దొరకనిది చట్టమా, మనసా అన్న అనుమానం రాక మానదు.

ఖర్చు ముందే తెలియాలంటే కౌంటీలకు తేలిగ్గా తోచే దారి కాంట్రాక్టు. ఏడాదికి ఇంత అని ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసి వైద్యం నడపమంటారు. చాలా ఒప్పందాల్లో బయటి ఆసుపత్రి ఖర్చుకు ఒక పరిమితి రాసుకుంటారు. దానిలోపు కంపెనీ, దాటితే కౌంటీ. ఆసుపత్రికి పంపిన ప్రతి ఖైదీ ఎవరో ఒకరి లాభంలోంచి కోత. రాయిటర్స్ వార్తాసంస్థ 500కు పైగా జైళ్లలో 2008 నుంచి 2019 దాకా జరిగిన 7,571 మరణాలను సేకరించి 2020లో ప్రచురించింది. వాళ్లలో కనీసం 4,998 మందికి నేరం రుజువు కాలేదు. ప్రభుత్వమే వైద్యం నడిపే జైళ్లకంటే పెద్ద ప్రైవేటు కంపెనీలు నడిపేవాటిలో మరణాల రేటు ఎక్కువని కూడా ఆ లెక్కలో తేలింది. అలాగని ప్రభుత్వ వైద్యమంతా బాగుందని కాదు. షికాగోలోని కుక్ కౌంటీ జైల్లో వైద్యం కౌంటీ సొంత విభాగమే చూసుకునేది. అయినా పరిస్థితి బాగాలేదని 2008లో ఫెడరల్ న్యాయశాఖ తేల్చింది, 2010లో కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది. తేడా ఏమిటంటే కౌంటీ పారిపోలేదు. కోరైజన్ అనే పెద్ద కంపెనీ తన కేసుల భారాన్ని వేరే కంపెనీగా విడదీసింది, ఆ ముక్క 2023లో దివాలా పిటిషన్ వేసింది. వెల్‌పాత్ అనే మరో పెద్ద జైలు వైద్య కంపెనీ 2024 నవంబర్‌లో దివాలా రక్షణ కోరింది. కంపెనీ దివాలాకు వెళ్లిన రోజున దాని మీద నడుస్తున్న కేసులు ఎక్కడివక్కడ ఆగుతాయి. కాంట్రాక్టు ఇచ్చినంత మాత్రాన రాజ్యాంగ బాధ్యత బదిలీ కాదని, కాంట్రాక్టు డాక్టరు కూడా చట్టం ముందు ప్రభుత్వం మనిషేనని 1988లోనే తీర్పుంది. కానీ కౌంటీ చేత పరిహారం కట్టించాలంటే ఆ తప్పు దాని విధానం వల్లో ఆనవాయితీ వల్లో జరిగిందని చూపించాలి. ఒక్క నర్సు చేసిన ఒక్క తప్పు చాలదు.

ఖైదీ వైపు నుంచి చూస్తే అడ్డంకులు ఇంకా చిన్నవి, ఇంకా చిరాకైనవి. చాలా జైళ్లలో నర్సును చూడాలంటే కొన్ని డాలర్లు ఫీజు, అది జైలు దుకాణంలో (కమిసరీ) కొనుక్కోవడానికి ఖైదీ పేరున ఉండే ఖాతాలోంచి కోసుకుంటారు. కాలిఫోర్నియా దీన్ని 2020 నుంచి రద్దు చేసింది. కోర్టుకు వెళ్లాలంటే 1996 చట్టం ప్రకారం ముందు జైలు లోపలి ఫిర్యాదు మెట్లన్నీ గడువు తప్పకుండా ఎక్కి ఉండాలి. నూటనాలుగు జ్వరంతో ఉన్నవాడు సరైన రంగు ఫారం ఐదు రోజుల్లో ఇవ్వలేదని కేసు కొట్టేయించుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఇదంతా దూరపు సంగతిలా అనిపించేది, 2019 జనవరి దాకా. మిషిగన్‌లో ఫెడరల్ అధికారులే నడిపిన నకిలీ ‘ఫార్మింగ్టన్ యూనివర్సిటీ’ వలలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఇమిగ్రేషన్ శాఖకు సొంత జైళ్లు తక్కువ. దేశమంతటా కౌంటీ జైళ్లలో మంచాలు అద్దెకు తీసుకుంటుంది. అందువల్ల వీసా తగాదాలో చిక్కుకున్న కుర్రాడు కూడా అదే బుకింగ్ కౌంటర్ ముందు, అదే ఫారం ముందు నిలబడతాడు. అక్కడ మన పిల్లలకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. థైరాయిడ్ మాత్ర వాడుతున్నానంటే జైలు నర్సు ముందు చేసేది అమెరికా ఫార్మసీకి ఫోన్ చేసి సరిచూసుకోవడం. గుంటూరు నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఆరు నెలల మందుల పట్టీకి ఏ ఫార్మసీలోనూ రికార్డు ఉండదు. ఇంటినుంచి మందులు పట్టుకెళ్లినా సాధారణంగా లోపలికి తీసుకోరు. ఇలాంటప్పుడు పనికొచ్చేది కాగితమే. డాక్టరు చీటీ, మందు అసలు పేరు, మోతాదు, చివరిసారి వేసుకున్న సమయం రాసి జైలు వైద్య విభాగానికి నేరుగా పంపాలి. గోప్యత నిబంధనల పేరుతో నర్సు మనకేమీ చెప్పకపోవచ్చు, మనం చెప్పేది వినడానికి మాత్రం ఏ నిబంధనా అడ్డురాదు. పంపిన తేదీ, గంట రాసిపెట్టుకోవడం మరవకూడదు. ఆ క్షణం నుంచి కౌంటీకి తెలిసినట్టు లెక్క. కావాలని అడిగితే భారత కాన్సులేట్‌కు కబురు చేయించుకునే హక్కు కూడా వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది.

మెడికెయిడ్ గోడకు ఈమధ్య కొన్ని బీటలు పడ్డాయి. విడుదలకు ముందు 90 రోజుల్లో కొన్ని సేవలకు మెడికెయిడ్ డబ్బు వాడుకునే అనుమతి 2023 జనవరిలో మొట్టమొదట కాలిఫోర్నియాకు దక్కింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. నేరం రుజువైన బాలలకు, యువకులకు విడుదలకు ముందు వైద్య పరీక్షలు చేయించాలన్న ఫెడరల్ నియమం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది కానీ కౌంటీ జైల్లో ఎవరు ఎప్పుడు విడుదలవుతారో జైలుకే తెలియదు. సాయంత్రం బెయిల్ కడితే రాత్రి పదకొండుకు గేటు తెరుస్తారు. ఆ వేళకు ఫార్మసీ మూసి ఉంటుంది.

ఆ గేటు దగ్గర బాధ్యత ముగిసిపోతుందా అన్న ప్రశ్న కూడా ఒక ఆరెంజ్ కౌంటీ నుంచే కోర్టుకు వెళ్లింది. ఇది కాలిఫోర్నియాది కాదు, న్యూయార్క్‌ది. ఇమిగ్రేషన్ శాఖ అక్కడి కౌంటీ జైల్లో ఉంచిన ఇద్దరికి తీవ్రమైన మానసిక వ్యాధి. లోపల ఉన్నన్నాళ్లూ రోజూ మందులిచ్చారు. విడుదల చేసిన రోజున చేతిలో మాత్రలు పెట్టలేదు, ఏ మందులు వాడుతున్నారో రాసిన చీటీ కూడా ఇవ్వలేదు. బయటికి పంపేముందు చేయాల్సిన ఏర్పాట్లు లోపలి వైద్యంలో భాగమేనని, వాళ్ల కేసు నిలుస్తుందని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ ఇద్దరికీ ఏ మందు కావాలో ఆ జైలుకు ముందునుంచీ తెలుసు.